గడివేముల సీమలో చేతులు మారిన వ్యానులు

నంద్యాలకును నందికొట్కూరునకును నడుమ, కర్నూలునుండి కడపకు పోవు పెద్దరహదారికి కొంత యెడముగా నున్న గడివేముల సీమలో బండి యనునది యెన్నడును విలాసవస్తువు కాలేదు. వాన కురిసిన మఱునాడు చక్రమును పట్టి విడువని నల్లరేగడి, యెండలు ముదిరినపుడు నెఱ్ఱెలు విచ్చు నేల గల యిట్టి చోట ధాన్యమును అంగడికిని, రోగిని ఆసుపత్రికిని, పెండ్లివారిని విడిదికిని చేర్చు భారము ఏ బండిపై పడునో ఆ బండిని బట్టియే యింటి మర్యాదయు, పెక్కుమారులు ఇంటి అప్పును నిర్ణయింపబడుచు వచ్చినవి. కావున పాత మోటారు వ్యానును కొని నష్టపోయిన గృహస్థుల కథను, క్రయవిక్రయములందు మన పల్లెలు ఒకనాడు ఏ ధర్మమును పాటించెనో, ఏనాడు దానిని విడిచెనో ఆ చరిత్రలో భాగముగా చెప్పుట న్యాయమని నా తలంపు.

1830వ సంవత్సరము మే నెలలో మదరాసునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు అహోబిలము, మహానంది క్షేత్రములను సేవించి శ్రీశైలమునకు పోయినపుడు పల్లకీయే వాహనము, బోయీల భుజములే బలము. పిదప ముప్పదియేండ్లకు మదరాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీవారు సుంకేసులవద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి 1863 మొదలు 1870 వఱకు కర్నూలు–కడప కాలువను త్రవ్వించిరి. పొలములకు నీరు పాఱించుటయే గాక సరకుల పడవలు నడుపుటయు వారి సంకల్పములలో నుండెను గాని, పడవల రాకపోకలు ఆశించినంతగా సాగలేదు. కంపెనీ నష్టముల పాలయి 1882లో కాలువ ప్రభుత్వపరమైనది. ఆ శతాబ్దపు చివర నంద్యాల మీదుగా మీటరుగేజి రైలు వచ్చినది. అయినను రైలుస్టేషనునుండి ఊరికి, ఊరినుండి కళ్లమునకు నడచినది ఎద్దులబండియే. ఈ సీమ గృహస్థునకు వాహనమును కొనుట యన ఎద్దులను కొనుటయే యైన కాలము ఇటీవలివఱకు నుండెను.

ఆ కొనుగోలు చేయుటలో మన రైతు చూపిన జాగరూకత గొప్పది. సంతలో ఎద్దు నోరు తెఱచి పాలపండ్లదో, రెండుపండ్లదో, నాలుగుపండ్లదో, కడపండ్లు వచ్చినదో తేల్చుకొనెడివాడు. సుడులు చూచెడివాడు, గిట్టలెత్తి చూచెడివాడు, మూపుపై కాడి రాసిన చోటును చేతితో తడిమి, అది దాపట నడచినదో వలపట నడచినదో గ్రహించెడివాడు. ధర తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టి నడచెడిది. నడుమ నిలిచిన బేరగానికి ఇరువైపుల ముట్టవలసినది ముట్టెడిది. కాని సంచకార మిచ్చినంతమాత్రమున బేరము ముగియలేదు. ఎద్దును బండికి కట్టి, బరువు వేసి, ఎత్తుదారిలో నడిపించి, దుక్కిలో నాలుగు సాళ్లు త్రిప్పి, అది మొరాయించునో, పండుకొనునో, కుంటునో చూచిన పిమ్మటనే మిగిలిన పైకము చేతులు మారెడిది. ఇట్లు పనిలో పెట్టి చూచుట అనుమానించుటగా ఎవరును భావింపలేదు. అమ్మువాడే “కట్టుకొని చూసుకో” యని పగ్గము చేతికిచ్చెడివాడు.

ఈ ఆచారమునకు మూలము మిక్కిలి ప్రాచీనము. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున క్రీతానుశయమను ప్రకరణము కలదు. కొన్నవాడు సరకును పరీక్షించుకొనుటకు ఎంత గడువుండవలెనో అందు నిర్దేశింపబడినది: విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒక దినము, పాడిపశువునకు మూడు దినములు, రత్నములకు ఏడు దినములు, బరువు మోయు పశువునకు ఐదు దినములు. అచ్చటనే దాసీదాసజనమునకు సైతము గడువు చెప్పియుండుట నేటి మనస్సునకు రోత పుట్టించును. ఆ భాగము త్యాజ్యము. కాని తక్కిన విభాగమునందలి వివేకము సామాన్యమైనది కాదు. ఇనుపముక్క లోపము ఒక్కనాటిలో బయటపడును. విత్తనము మొలకెత్తునో లేదో తెలియుటకు పది దినములు కావలెను. భారవాహి గుణము ఐదు దినముల పనిలో తేటపడును. లోపమును దాచువాడు ఒక పూట దాచగలడు, రెండు పూటలు దాచగలడు. అయిదు దినములు దాచజాలడు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యను పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయ మను పేర తెలుగు చేసెను గనుక, ఈ ధర్మశాస్త్రము మన భాషలోనికి వచ్చి ఏడువందల యేండ్లకు పైబడినది.

మోటారు వచ్చుటతో ఈ ధర్మము సడలినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలుకు కటకట యేర్పడగా బస్సుల వెనుక బొగ్గుపొయ్యి తగిలించి, తెల్లవాఱకమునుపే నిప్పు రాజేసి, పిడి త్రిప్పి గాలి కొట్టి, వాయువు పుట్టిన తరువాత బండి కదలించెడివారు. ఎత్తు వచ్చినపుడు ప్రయాణికులు దిగి నెట్టుటయు కలదు. యుద్ధము ముగియగనే సైన్యము వదలిన జీపులును లారీలును డిస్పోజల్సు పేర వేలమునకు వచ్చినవి. మోటారు వ్యాపారమున దిగిన తొలితరమువారిలో పలువురు ఇట్టి వాడిన బండ్లతోనే దిగిరి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థ యేర్పడిన తరువాత పెద్దదారులపై బస్సు నమ్మకముగా నడచుచు వచ్చినది గాని, వేళగాని వేళ ఊరినుండి పోవలసినవానికి దిక్కు ఎద్దులబండియో, లేనిచో అద్దెకారో. అంబాసిడరు, ఫియట్టు కార్లకై డబ్బు కట్టి సంవత్సరముల తరబడి కాచుకొనవలసిన ఆ లైసెన్సుల కాలమున వాడిన కారు దొరకుటయే అదృష్టముగా నుండెను. దొరకినదాని గుణదోషములు విచారించు తీరిక కొన్నవానికి లేదు. పరీక్షింపక కొనుట యను దురలవాటు మనకు ఆ కొఱతకాలముననే అంటినదని నేను భావింతును.

పూనా చేరువ ఆకుర్డిలో బజాజ్ టెంపో కంపెనీ జర్మను నమూనాపై కట్టిన మెటాడోరు వ్యాను, ఎనుబదుల నడుమ జహీరాబాదులో ఆల్విన్ సంస్థ నిస్సాను సాంకేతిక సహాయముతో కట్టిన చిన్నలారీ, ఇవి యొకదాని తరువాత నొకటి పట్టణములకు వచ్చినవి. కాని సామాన్యగృహస్థుని వాకిటికి వచ్చిన వ్యాను ఒక్కటే. 1981లో స్థాపింపబడిన మారుతి ఉద్యోగ్ సంస్థ 1983 డిసెంబరు 14న తొలి కారును యజమానికి అప్పగించి, మఱుసటియేడు, అనగా 1984లో, ఒక చిన్న వ్యానును వెలువరించెను. 1988లో దానికి ఓమ్నీ యని పేరు పెట్టిరి గాని, మన పల్లెలలో అది నేటికిని మారుతి వ్యానే.

నగరమున ఏ వైద్యుడో, ఏ వ్యాపారియో పదేండ్లు వాడి విడిచిన వ్యాను కర్నూలునకును, అచ్చటి టాక్సీస్టాండులో కొన్నేండ్లు తిరిగి నంద్యాలకును, నంద్యాల బ్రోకర్ల చేతులు దాటి గడివేముల, గని, బిలకలగూడూరు వంటి ఊళ్లకును దిగివచ్చెడిది. శివరాత్రికి మహానంది, నరసింహస్వామి మ్రొక్కునకు అహోబిలము, ఆళ్లగడ్డ శిల్పశాలలనుండి చిన్నవిగ్రహమును గడ్డిలో చుట్టి గుడికి తెచ్చుట, బడిపిల్లలను దించుట, ఇవి దాని పనులు. 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలగువఱకు నడిరేయి నొప్పులు వచ్చిన యిల్లాలిని నంద్యాలకు చేర్చిన బండ్లలో ఈ పాతవ్యానులు ఎన్నియో యుండును. ఆ యుపకారమును మఱచి దాని లోపములను మాత్రమే యెన్నుట తగదు. అయితే ప్రాణము దానిపై నాధారపడియుండగా నడిదారిలో నిలిచిన వ్యాను కలిగించు దుఃఖము, విహారమునకు పోవువాని కారు నిలిచినప్పటి విసుగు వంటిది కాదు.

ఈ వ్యాను నిర్మాణమును కొంచెము తెలిసికొన్నగాని యజమాని బాధ అర్థము కాదు. మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజను ముందుసీట్ల క్రింద నుండును. శక్తి వెనుకచక్రములకు పోవును. ఇంజనును చూడవలెనన్న సీటునే పైకెత్తవలెను. ఇది యెనిమిదిమందికి మించని చిన్నబండి. దానిలో పదునైదుగురిని, పైన మూటలను ఎక్కించి, రేగడిదారిలో రెండవగేరున లాగించినచో ఇంజను కాగిపోవును. రేడియేటరులో కూలెంటు పోయక బోరునీళ్లు పోసినందున లోపల సున్నము పేరుకొని నీరు తిరుగదు. కాకకు గ్యాస్కెటు కాలును. ఆ మీదట హెడ్డు వంగును. సిలిండరులోనికి నీరు దిగును. ఆయిలు మజ్జిగవలె తెల్లబడును. ఇన్ని జరిగిన పిమ్మట మెకానిక్కు చెప్పు మాట “బోరుకొచ్చిందన్నా” అని. ఆ యొక్కమాట వినునప్పటి యజమాని ముఖమును చూచినవారికి ఈ వ్యాసము ఎందుకు వ్రాయవలసెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కార్బురేటరు గల పాతవ్యానులలో దుమ్మును కల్తీపెట్రోలును జెట్టుకు అడ్డుపడి, చలికాలపు ఉదయమున చోకు లాగినను బండి లేవకుండుట నిత్యకృత్యము. అంతట బ్యాటరీ దిగిపోవును. “కొంచెం నూకండప్పా” అని వీథిలోని వారిని పిలుచుట మొదట ఒకటి రెండు దినములు స్నేహముగా నడచును. నెల తిరుగులోపల పిలువకుండగనే ఇరుగుపొరుగువారు లోపలికి పోవుదురు. పెట్రోలు ఖర్చు భరింపలేక గ్యాసుకు మార్చినవారి గతి మఱియొకటి. 2000లో చట్టమును సవరించి ఎల్.పి.జి.ని మోటారు ఇంధనముగా అనుమతించిరి గాని, అనుమతిగల కిట్టుకు బదులు వంటింటి సిలిండరునే సీటు వెనుక బిగించుకొని తిరిగినవారు తమ కుటుంబమును నిప్పుపై కూర్చుండబెట్టినవారే. ఇది పేదఱికము చేయించిన పనియే యైనను దీనిని సమర్థింపలేను.

ఇక కొనునాటి తీరును చూడుడు. సాయంకాలము నంద్యాలలో ఒక షెడ్డు ముందర వ్యాను నిలిచియుండును. కొనువాడు తన ఊరినుండి బావమఱదిని, తెలిసిన డ్రైవరును వెంటబెట్టుకొని వచ్చును. రంగు కొత్తగా నుండును. సీట్లకు కొత్త కవర్లుండును. అద్దమునకు నిమ్మకాయ, దేవుని పటము. “డాక్టరు వాడిన బండన్నా, సెల్ఫ్ కొడితే అట్లే స్టార్టయితాది, రూపాయి పని లేదు” అని బ్రోకరు తాళము త్రిప్పగనే నిజముగనే లేచును. ఏల లేవదు? వారు వచ్చుటకు అరగంట ముందే ఇంజనును వేడిచేసి యుంచిరి. వెంట వచ్చినవానికి అనుభవమున్నచో సైలెన్సరుపై అఱచేయి దగ్గఱగా పెట్టి చూచి మౌనముగా తల యాడించును. తలుపుల క్రిందిభాగమును వ్రేలికణుపుతో కొట్టి చూచును. రేకు ఖంగున మ్రోగవలెను. లప్పము పెట్టిన చోట మొద్దుగా పలుకును. క్రింద పఱచిన రబ్బరు చాపను ఎత్తిచూచిన త్రుప్పు తిన్న నేల, ఆ సందులోనుండి రోడ్డును కానవచ్చును. జరుపుతలుపు పట్టాలో మన్నును త్రుప్పును కూడి, తలుపు సగముదాక వచ్చి ఆగును. ఆయిలుమూత తీసినపుడు బుస్సున పొగ వచ్చినచో రింగులు పోయినవని యర్థము. ఇవి యన్నియు తెలిసినవాడు షెడ్డుకు ఒక్కడే యుండును. వానికి అమ్మువానినుండియు కొనువానినుండియు కమీషను రావలసియుండును. “పొద్దున్నే సల్లగా ఉన్నప్పుడు చూడాల” అను మాట అతని నోటివఱకు వచ్చి ఆగిపోవును.

అట్లు తెచ్చుకొన్న వ్యాను మొదటివారము బాగుగనే నడచును. రెండవవారమున షెడ్డుకు పోవును. అటుపిమ్మట దాని నివాసము ఇంటికంటె షెడ్డుననే హెచ్చు. క్లచ్చు ప్లేటు మార్చిన గేరుబాక్సు మ్రోగును. గేరుబాక్సు విప్పిన బేరింగు కావలెనందురు. బేరింగు నంద్యాలలో లేదు, కర్నూలునుండి రావలెను. రెండు దినములు గడచును. పెండ్లికి కుదుర్చుకొన్న కిరాయి పోవును. నెలజీతముపై పెట్టుకొన్న డ్రైవరు ఖాళీగా కూర్చుండును. ఫైనాన్సువాని వాయిదా మాత్రము ఆగదు. అన్నింటికంటె కష్టమైనది, ఈ వ్యానును చూపించి కొనిపించినవాడు సాధారణముగా బంధువో స్నేహితుడో యగుట. యంత్రము చెడినందున వచ్చిన నష్టము రూపాయలలో తీరును. “నీవు చెప్పితివనియే కొంటిని” అను మాటతో విడిన రాకపోకలు ఎన్ని పండుగలు వచ్చినను తిరిగి కుదురవు. తుదకు విసిగి అమ్మజూపిన నాడు, నిన్నటివఱకు దానిని పొగడిన బ్రోకరే లోపములన్నియు ఏకరువు పెట్టి సగముధరకు అడుగును. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యని పెద్దలన్నది ఇట్టి సందర్భముననే కాబోలు.

చట్టము ఈతనికి ఏమి సాయము చేయుచున్నది? 1930వ సంవత్సరపు సరకుల విక్రయచట్టము పదునాఱవ నిబంధన ప్రకారము, కొనువాడు సరకును చూచి పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో తెలియదగిన లోపములకు అమ్మినవాడు ఉత్తరవాది కాడు. అనగా చూడక కొన్న తప్పు, చూచి కనుగొనలేకపోయినను తప్పు. వినియోగదారుల రక్షణచట్టము వ్యాపారి యమ్మిన వస్తువునకు వర్తించును గాని, తన యింటి బండిని అమ్ముకొన్న పొరుగూరి గృహస్థునకు వర్తింపదు. బేరము నడిపిన బ్రోకరు కాగితముపై ఎచ్చటను కనబడడు. యాజ్ఞవల్క్యుడు అయిదు దినములిచ్చిన చోట ఆధునికచట్టము అయిదు నిమిషములు కూడ ఇవ్వకుండుట మనమందఱమును ఆలోచింపవలసిన విషయము.

కాగితముల చిక్కు అమ్మినవానికిని ఉన్నది. 1988 మోటారువాహన చట్టము ఏబదియవ నిబంధనననుసరించి అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను. పల్లెలలో జరుగునది వేఱు. ఇరువదితొమ్మిదవ ఫారము, ముప్పదవ ఫారములపై ఖాళీగా సంతకములు పెట్టి ఇచ్చెదరు, ఆ కాగితములు బండితోబాటు నాలుగు చేతులు మారును, ఆర్.సి.లో పేరు మాత్రము మొదటివానిదే. బండి ఎచ్చటనో మనిషిని గుద్దిననాడు నోటీసు ఆ మొదటివాని యింటికి వచ్చును. అట్టి వివాదమునందే 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు, ఆర్.సి.లో ఎవని పేరున్నదో అతడే యజమాని, నష్టపరిహారమునకు అతడే బాధ్యుడని స్పష్టముగా తీర్పు చెప్పినది. ఎప్పుడో అమ్మి మఱచిన వ్యాను తన పొలమును అమ్మించునంతటి ప్రమాదము ఇందు కలదని మన గృహస్థులలో ఎందఱికి తెలియును?

కొత్త భద్రతానియమములకు తగినట్లు మార్చుట సాధ్యము గాక 2019లో ఓమ్నీ నిర్మాణము ఆపివేయబడినది. 2010లో వచ్చిన ఈకో దాని స్థానమును ఆక్రమించెను. సరకుల పనిని 2005లో వచ్చిన టాటా ఏస్ అంతకుముందే తీసికొనెను. 2022 ఏప్రిల్ 1నుండి పదునైదేండ్లు నిండిన కారుకు తిరిగి రిజిస్ట్రేషను చేయించు రుసుము ఆఱువందలనుండి అయిదువేల రూపాయలకు పెరిగినది. 2023 ఏప్రిల్ 1నుండి వాడిన బండ్ల వ్యాపారులు ప్రభుత్వపు అనుమతిపత్రము పొందవలెననియు, తమ చేతికి వచ్చిన బండిని గూర్చి అధికారులకు తెలిపి దాని బాధ్యతను వహింపవలెననియు నియమము వచ్చినది. ఇది మంచి నియమము. అయితే చెట్టు క్రింద బేరములు కుదుర్చు బ్రోకరు దీని పరిధిలోనికి వచ్చునంతవఱకు గడివేములవంటి ఊళ్లకు దీని ఫలము అందదు. ఓమ్నీలు నేటికిని చేతులు మారుచునే యున్నవి. 2019లో చివరగా కట్టిన బండ్ల ఆర్.సి. గడువు తీరుటకు ఇంకను కాలమున్నది గనుక మఱి కొన్నేండ్లు మారుచునే యుండును.

కావున ఈ సీమ గృహస్థులకు నా మనవి ఇది. పాతవ్యానును కొనువారు సాయంకాలము కాక ప్రాతఃకాలమున, ఇంజను చల్లగా నుండగా, కమీషనుతో సంబంధము లేని మెకానిక్కును తీసికొని పొండు. బయానా ఇచ్చినపుడు పూర్వము ఎద్దుల బేరమునందు వలెనే పనిలో పెట్టి చూచుటకు గడువు అడుగుడు; అయిదు దినములు బండి కొనువాని యొద్ద నుండి, పెద్ద లోపము బయటపడినచో బండిని తిరిగి యిచ్చి బయానాను పుచ్చుకొనునట్లు ఇద్దఱు సాక్షుల యెదుట కాగితము వ్రాసికొనుడు. ఆ అయిదు దినములకును ఇన్సూరెన్సు చెల్లుబాటులో నున్నదో లేదో ముందే చూచుకొనుడు. అమ్మువారు అందులకు అంగీకరింపనిచో ఆ బండిని విడిచిపెట్టుడు. బేరము స్థిరపడిన మఱునాడే ఇరువురును కలిసి నంద్యాల రవాణా కార్యాలయపు పని ముగించి, ఆర్.సి.పై పేరు మారిన పిమ్మటనే చివరి పైకము చెల్లింపుడు.